పాటగాడికి పేరు పెట్టింది ఎవరు?

ఒక కళాకారుడు కన్నుమూసిన మర్నాడు పత్రికల్లో వచ్చే జీవిత విశేషాల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: ఆయన అసలు పేరు ఫలానా. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయినప్పుడు గుమ్మడి విఠల్‌రావు అని రాశారు. 2025 నవంబరులో అందెశ్రీ పోయినప్పుడు అందె ఎల్లయ్య అని రాశారు. సమాచారం వరకు అందులో తప్పేమీ లేదు. ఆ వాక్యం వెనక దాగిన నమ్మకంతోనే నా పేచీ. బడి రిజిస్టర్లో ఎక్కిన పేరే నిజమైనదనీ, జనం నోట్లో నానిన పేరు పైన కప్పుకున్న తొడుగు లాంటిదనీ, దాని వెనక ఏదో ఒక సరదా సంఘటన ఉంటుందనీ, ఆ సంఘటన తెలుసుకుంటే పేరు సంగతి తేలిపోతుందనీ ఆ నమ్మకం. చదువుకున్నవాళ్లలో ఇది ఎంతగా పాతుకుపోయిందంటే దీన్ని ఎవరూ ప్రశ్నించరు కూడా. నేనంటాను, పాటగాడి పేరు ఏదో ఒక సంఘటనలో పుట్టి ఊరుకోదు. ఆ పేరుతో ఎవరు పిలిచారు, ఏ చనువుతో పిలిచారు, ఎన్నేళ్లు పిలిచారు అన్నవే దాని పుట్టుక చరిత్ర. ఆ చరిత్రను వదిలేసి పిట్టకథ ఒక్కటే చెప్పుకుంటే, పిలిచినవాళ్లను మనమే చెరిపేసినట్టు అవుతుంది.

పిట్టకథల మోజు ఎక్కువగా కనిపించేది అమెరికా జాజ్ సంగీతం చుట్టూ. అక్కడ ముద్దుపేరు లేని వాద్యకారుడిని వెతకడమే కష్టం. శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్‌ను తోటివాళ్లు యార్డ్‌బర్డ్ అనేవాళ్లు, అది తెగి బర్డ్ అయింది. ఎందుకలా పిలిచారంటే ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. జే మెక్‌షాన్ బృందంతో కచేరీకి పోతుంటే కారు కింద కోడి పడిందనీ, దాన్ని పారేయకుండా తీసుకెళ్లి వండించుకున్నాడనీ ఒక కథ. కోడికూర మీద అతనికున్న ఇష్టమే కారణమని ఇంకో కథ. వాయించేటప్పుడు పిట్టలా ఎగిరిపోతాడు కాబట్టి అన్నది తర్వాతివాళ్లు కట్టిన కథ. వీటిలో ఏది నిజమో తేల్చడానికి వ్యాసాల మీద వ్యాసాలు వచ్చాయి. తేలితే మాత్రం మనకు కొత్తగా తెలిసేదేముంది? తోటి వాద్యకారులు ఆ పేరుతోనే పిలిచారు, ఆ పేరు మీద బాణీలకు పేర్లు పెట్టుకున్నారు, 1949లో న్యూయార్క్‌లో తెరిచిన సంగీతశాలకు బర్డ్‌లాండ్ అని పేరు పెట్టారు. వీటి గురించి వివాదం లేదు. కోడి కథ పూర్తిగా కట్టుకథ అయినా ఆ పేరుకు వచ్చే లోటు లేదు.

లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ విషయం ఇంకా స్పష్టం. చిన్నప్పుడు న్యూ ఆర్లీన్స్ వీధుల్లో అతని పెద్ద నోటిని చూసి డిప్పర్‌మౌత్ అనీ, శాచెల్‌మౌత్ అనీ పిలిచారు. 1932లో లండన్ వెళ్తే మెలొడీ మేకర్ పత్రిక సంపాదకుడు పెర్సీ బ్రూక్స్ శాచ్‌మో అని పలకరించాడని, అప్పటినుంచి లోకమంతా అదే పట్టుకుందని చెబుతారు. అయితే అతనితో కూర్చుని వాయించినవాళ్లు ఎక్కువగా పిలిచింది పాప్స్ అని. ఒకే మనిషికి వీధి పిల్లలు ఒక పేరు, పత్రికలూ ప్రేక్షకులూ ఒక పేరు, తోటి పనివాళ్లు ఇంకో పేరు ఇచ్చారు. మూడు పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మనిషి ఎవరెవరి మధ్య ఎలా బతికాడో తెలుస్తుంది. నోరు పెద్దది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెప్పి ఊరుకుంటే నోరు ఒక్కటే మిగులుతుంది.

ఇక డ్యూక్ ఎలింగ్టన్, కౌంట్ బేసీ లాంటి దొరతనపు పేర్లు. ఎలింగ్టన్ చిన్నప్పటినుంచి ఠీవిగా బట్టలు కట్టేవాడనీ, అది చూసి స్నేహితుడొకడు అలా పిలిచాడనీ కథ. అది నిజమే కావచ్చు. కానీ నల్లజాతి మనిషి ముసలివాడైనా తెల్లవాళ్లు ఒరే అబ్బాయ్ అనే పిలిచే దేశంలో, అయ్యా అనో శ్రీ అనో అతని పేరుకు ముందు పలకడం నేరమన్నట్టు చూసిన కాలంలో, ఒక నల్లజాతి వాద్యకారుడిని డ్యూక్ అని పిలవడంలో ఉన్న ధిక్కారం ఆ బట్టల కథలో ఎక్కడుంది? అదే రోజుల్లో ప్రచారపు యంత్రాంగం జాజ్ చక్రవర్తి అన్న కిరీటం పెట్టింది పాల్ వైట్‌మన్ అనే తెల్లజాతి బృందనాయకుడికి. 1930లో ఆ పేరుతోనే సినిమా కూడా తీశారు. ఈనాడు ఆ బిరుదు పుస్తకాల్లో తప్ప ఎవరి నోటా పలకదు. డ్యూక్ అనగానే మాత్రం సంగీతం తెలిసిన ప్రతివాడికీ ఒక్క మనిషే గుర్తొస్తాడు. గాయని బిల్లీ హాలిడేకు లేడీ డే అని పేరు పెట్టింది శాక్సఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్. ఆమె తిరిగి అతన్ని దేశాధ్యక్షుడు అనే అర్థంలో ప్రెజ్ అని పిలిచింది. బయటి ప్రపంచం గౌరవం ఇవ్వని చోట ఇద్దరు కళాకారులు ఒకరికొకరు గౌరవం ఇచ్చుకున్నారు. జాజ్ ముద్దుపేర్లలో నాకు అన్నింటికన్నా విలువైనది ఈ జంట.

ఇదంతా ఎక్కడి సంగతో అని తెలంగాణ పాఠకుడు అనుకోనక్కర్లేదు. మన పల్లెల్లో దొర గడీ ముందు ఎల్లయ్య ఎల్లిగాడయ్యాడు, మల్లయ్య మల్లిగాడయ్యాడు. మనిషి పేరు చివర మర్యాదను తెంపేయడం వెట్టిలో ఒక భాగంగానే నడిచింది. అలాంటి నేల మీద పాటగాళ్లకు జనం పెట్టుకున్న పేర్లను వట్టి మారుపేర్లుగా చూడటం అన్యాయం. గద్దర్ పేరునే తీసుకుందాం. 1913లో అమెరికా పడమటి తీరంలో పంజాబీ వలస కార్మికులు కట్టిన గదర్ పార్టీ స్ఫూర్తితో ఆ పేరు పెట్టుకున్నాడని ఒక మాట. మొదటి పాటల సంపుటికి పెట్టిన పేరే మనిషికి అంటుకుందని ఇంకో మాట. రెండూ ఒకదానికొకటి అడ్డురావు. తూప్రాన్‌లో పుట్టిన విఠల్ బి. నర్సింగరావు ప్రోత్సాహంతో పాటలోకి వచ్చాడు, 1972లో పుట్టిన జననాట్యమండలిలో ఎదిగాడు. బ్యాంకులో గుమాస్తాగా ఉన్న రోజుల్లోనూ పాట దగ్గర అతను గద్దరే. గోచీ, గొంగడి, గజ్జెలతో వేదిక ఎక్కిన మనిషిని పల్లెపల్లెనా ఆ పేరుతోనే గుర్తుపట్టారు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోలేం. గద్దర్ లాంటి పేర్లు రహస్య ఉద్యమాల అవసరం కొద్దీ పుట్టాయనీ, పోలీసుల కంట పడకుండా ఉండటానికి పెట్టుకున్న ముసుగులనీ, వాటికి జనం పిలుపన్న గొప్ప ఆపాదించడం సరికాదనీ కొందరంటారు. రహస్య ఉద్యమాల్లో అలాంటి పేర్లు ఉన్నమాట నిజం. కానీ ముసుగు పేరుకు ఒక లక్షణం ఉంది: ప్రాంతం మారితే మారుతుంది, మనిషి దొరికిపోతే దాని పని అయిపోతుంది, పది మందికి తెలిసిందంటే ఇక పనికిరాదు. గద్దర్ పేరు నడిచింది సరిగ్గా దీనికి ఎదురు దారిలో. అజ్ఞాతంలోకి పోకముందే అది లక్షల మందికి తెలుసు. అజ్ఞాతం నుంచి వచ్చి 1990లో హైదరాబాద్ నిజాం కళాశాల మైదానంలో పాడినప్పుడు జనం పోటెత్తింది ఆ పేరు విని. 1997 ఏప్రిల్‌లో ఇంటికొచ్చి కాల్చినవాళ్లకూ ఆ పేరు తెలుసు. చివరికి ప్రభుత్వమే సినిమా పురస్కారాలకు గద్దర్ పేరు పెట్టుకుంది. దాచుకోవడానికి పెట్టుకున్న పేరు ఇంతగా బయటపడి బతకదు.

సుద్దాల హనుమంతు ఇంటిపేరు గుర్రం. పుట్టింది పాలడుగులో, స్థిరపడింది సుద్దాలలో. సాయుధ పోరాట కాలంలో ఊరూరా తిరిగి పాడిన ఆ మనిషిని జనం ఊరి పేరుతో గుర్తుపెట్టుకున్నారు. కొడుకు అశోక్‌తేజ ఠాగూర్ సినిమా పాటకు జాతీయ పురస్కారం అందుకునే నాటికి సుద్దాల ఇంటిపేరై కూర్చుంది. ఒక్క తరంలో పిలుపు వంశనామమైంది. ఇందులో మార్చుకోవడం, దాచుకోవడం ఎక్కడున్నాయి? ఊరు పాటగాడిని సొంతం చేసుకుంది, అంతే. బొగ్గుబాయిల ఊరు బెల్లంపల్లివాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఎక్కడో ఇల్లెందు దగ్గరున్న సింగరేణి అనే పల్లె పేరును, 1886లో దక్కన్ కంపెనీగా మొదలైన సంస్థ 1920లో తన పేరు చేసుకుంది. ఆ ఊరిని ఎన్నడూ చూడని మన బాయి కార్మికులు మూడు తరాలుగా తమను సింగరేణోళ్లమనే చెప్పుకుంటున్నారు. వాళ్లు చెప్పుకోవడం వల్లే అది వాళ్ల పేరయింది.

శాస్త్రీయ సంగీతంలో కూడా ఇదే న్యాయం నడిచింది. మంగళంపల్లివారికి ఇంట్లో పెట్టిన పేరు మురళీకృష్ణ. పసివాడి పాట విని ముందు బాల చేర్చింది హరికథకుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్. ఆయన ఎనభై దాటాక కూడా బాలమురళీకృష్ణే. కాకినాడలో పుట్టిన వైణికుడు చల్లపల్లి హనుమాన్లుకు ఇంట్లో ముద్దుగా పిలిచిన చిట్టిబాబు అన్న పేరే కాగితాల్లోకి కూడా ఎక్కింది. పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్‌కు వాయిద్యమే ఇంటిపేరై మాండొలిన్ శ్రీనివాస్ అయ్యాడు. పద్యాన్ని ఈలలో పలికించినందుకు రఘురామయ్య ఈలపాట రఘురామయ్య అయ్యాడు. వీళ్లలో కొందరికి సభల్లో శాలువాలు కప్పి ఇచ్చిన బిరుదులు బోలెడున్నాయి. వాటిని వరసగా చెప్పగలిగినవాళ్లు ఎందరు? బిరుదు పుచ్చుకునేవాడికి, ఇచ్చేవాడికి మధ్య ఆ సాయంత్రం జరిగే వ్యవహారం. పిలుపుపేరును మాత్రం వినేవాళ్లు రోజూ కొత్తగా ఒప్పుకుంటూ ఉండాలి. ఒక్క తరం మానేస్తే పోతుంది. పోకుండా నిలిచిందంటే కోట్ల గొంతుల ఒప్పుదల దాని వెనక ఉన్నట్టు. ఇంత బలమైన రుజువును పక్కనబెట్టి రిజిస్టర్లో ఒక్కసారి ఒక్క గుమాస్తా రాసిన అక్షరాలకు పెద్దపీట వేయడం నాకు మింగుడుపడదు.

జనం పిలుపులన్నీ ప్రేమతో పుట్టవనే మాట కూడా వినిపిస్తుంది. ఒంటి రంగును, అవిటితనాన్ని, కులాన్ని పట్టుకుని ఎక్కిరించే పేర్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి, ప్రతి బాయి మీదా ఉన్నాయి. వాటిని కూడా చరిత్రగా నెత్తిన పెట్టుకోవాలా అంటారు. పెట్టుకోనక్కర్లేదు. ఎల్లిగాడు అన్న దొర పిలుపు కూడా పిలుపే కదా అంటే, అవును, పిలుపే. అందుకే ఎవరు పిలిచారన్న ప్రశ్న ముందుండాలంటున్నాను. పైనుంచి కిందికి విసిరిన పేరుకు, పక్కన నిలబడినవాడు ఇచ్చిన పేరుకు తేడా చెప్పగలిగేది ఆ ప్రశ్న ఒక్కటే. శాక్సఫోన్ వాద్యకారుడు ఎడర్లీ తిండిపోతుతనం చూసి బడి పిల్లలు నరమాంస భక్షకుడనే మాటతో ఆటపట్టించారట, అదే అరిగి కానన్‌బాల్ అయిందట. ఎగతాళిగా మొదలైన పేరును అతను తన రికార్డుల అట్టల మీద అచ్చు వేయించుకున్నాడు. పిలిపించుకునేవాడి ఒప్పుదల చేరాక ఎగతాళి రంగు మారింది. ఆ ఒప్పుదల లేని చోట పేరు హింసే, దాన్ని హింస అనే రాయాలి.

ఇక మిగిలింది కాగితం. కాగితం లేకపోతే గాలికబుర్లే మిగులుతాయని చరిత్రకారులు అంటారు, వాళ్ల మాటలో బలం ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ జీవితాంతం తాను 1900 జులై 4న పుట్టానని చెప్పుకున్నాడు. అతను పోయిన చాలా ఏళ్లకు చర్చి రిజిస్టరు దొరికి 1901 ఆగస్టు 4 అని తేలింది. పుట్టిన తేదీకి కాగితమే సాక్ష్యం, కాదనను. కానీ మనిషి ఎవరన్నదానికి కూడా కాగితమే చివరి సాక్ష్యం అనుకుంటే ఏమవుతుందో బొగ్గుబాయిల ప్రాంతానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సింగరేణిలో వేరే పేర్ల మీద చేరి, ఆ పేరుతోనే మస్టరు వేయించుకుని, ఆ పేరుతోనే రిటైరైన కార్మికులున్నారు. కంపెనీ కాగితంలో ఒక పేరు, ఇంటి దగ్గర, ఆధార్‌లో ఇంకో పేరు. వారసత్వ ఉద్యోగం అడగబోతే కొడుకు కాగితం తండ్రి కాగితంతో కలవదు. మారుపేర్ల సమస్య అని కార్మిక సంఘాలు ఏళ్లతరబడి మొత్తుకుంటున్నది దీని గురించే. అక్కడ రికార్డులో ఉన్నదే అసలు పేరు అంటే, ముప్పై ఏళ్లు బొగ్గు నింపిన మనిషి లేనట్టే. అతనితో ఒకే షిఫ్టులో దిగినవాళ్లు, ఒకే టబ్బు నింపినవాళ్లు మాత్రం అతను ఎవరో ఏ తడుముకోలూ లేకుండా చెప్పగలరు.

పాటగాళ్ల చరిత్ర రాసేవాళ్లు నమ్మాల్సింది కూడా అలాంటి సాక్షులనే. జననాట్యమండలిలో గద్దర్ పక్కన గజ్జె కట్టినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, వంతపాట అందుకున్నవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ పేరుతో మొట్టమొదట పిలిచింది ఎవరు, ఏ సభలో జనం దాన్ని అందుకున్నారు, ఇంట్లోవాళ్లకు అది ఎప్పుడు అలవాటైంది, విఠల్ అని పిలవడం ఎవరు మానలేదు, ఇవన్నీ వాళ్లను అడిగి ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. గుమ్మడి విఠల్‌రావు అన్న పేరు ఏ కార్యాలయంలో వెతికినా ఇంకో వందేళ్లకైనా దొరుకుతుంది.