ధైర్యం చెప్పడమూ పనే

సిజేరియన్ కోసం బల్ల ఎక్కిన తల్లికి వెన్నులో మత్తు ఇస్తున్నప్పుడు, ఆమె భుజాలు పట్టుకుని "ఏం కాదమ్మా, కదలకు, నేనున్నాను" అనే గొంతు ఒకటుంటుంది. అది సిస్టర్ గొంతు. మందులు సిరంజిల్లోకి ఎక్కించి పేర్లు అంటించడం, మత్తు డాక్టరు గొట్టం వేస్తుంటే కావలసినవి అందించడం, ఫెంటనిల్ ఆంప్యూళ్ల లెక్క రిజిస్టరులో అప్పజెప్పడం, రోగికి తెలివొచ్చేదాకా ఊపిరి కనిపెట్టుకుని ఉండడం ఆమె పనులే. ఇవి డ్యూటీ లెక్కలోకొస్తాయి. తన భయాన్ని దాచుకుని ఎదుటి మనిషికి ధైర్యం చెప్పడం మాత్రం ఏ లెక్కలోకీ రాదు. దానికి 'సేవ' అని పేరు పెట్టి ఊరుకుంటాం.

బల్ల మీద ప్రాణం పోయిన రోజున కూడా శవాన్ని శుభ్రం చేసి, తర్వాతి కేసుకు అన్నీ సిద్ధం చేయాల్సింది ఆమే. ఏడవడానికి ఐదు నిమిషాలు దొరకవు. ఏళ్ల తరబడి ఇలా గడిస్తే మనసు మొద్దుబారుతుంది. రోగి ఒక కేసుగా మిగులుతుంది. అప్పుడు మనం ఆమెను 'కసురుకునే నర్సు' అంటాం.

ఈ బర్నవుట్‌ను 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుగా కాక, పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిదిద్దకపోవడం వల్ల వచ్చే స్థితిగా గుర్తించింది. అంటే లోపం ఆమె మనసులో లేదు, డ్యూటీ చార్టులో ఉంది. యోగా క్లాసు పెట్టి యాజమాన్యం చేతులు దులుపుకుంటే కుదరదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంపై ఏర్పడిన కేంద్ర కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆస్పత్రిలోనైనా నర్సుకు నెలకు కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలంది. అది కాగితం దాటని ఆస్పత్రులు ఎన్నో. జీతం చాలక రెండు చోట్ల డ్యూటీ చేసే మనిషికి విశ్రాంతి ఎక్కడిది?

ప్రసూతి గదుల్లో తిట్లు తిన్న స్త్రీల పక్షాన మనం పోరాడాం. ఇకముందూ పోరాడతాం. తిట్టడం తప్పు కాదని అనడం లేదు. కానీ ఆ పోరాటంలో నర్సును ఎదుటిపక్షంగా చూసి, ఆమెను అక్కడ ఒంటరిగా నిలబెట్టినవాళ్లను వదిలేశామేమో ఆలోచించాలి. సరిపడా సిబ్బంది, వరుస నైట్ డ్యూటీల తర్వాత సెలవు, థియేటర్లో మరణం జరిగినప్పుడు కాసేపు విరామం, కూర్చుని మాట్లాడుకునే అవకాశం - ఈ డిమాండ్లు నర్సులవే కావు, రోగులవి కూడా. ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు సూపరింటెండెంట్ గదితో ఆగిపోకుండా, నైట్ డ్యూటీ దిగివచ్చే సిస్టర్‌ను కూడా కలుద్దాం. ముందు ఆమె చెప్పేది విందాం.