అప్పు చేసి పప్పుకూడు కాదిది



వానాకాలం మొదలైందంటే మా ఆసుపత్రిలో వాంతులు, విరేచనాల కేసులు పెరుగుతాయి. స్టాండ్లు చాలక కిటికీ చువ్వలకు సెలైన్ సీసాలు కట్టిన రాత్రులు నా ముప్పై ఏళ్ల సర్వీసులో చాలా ఉన్నాయి. "బిడ్డకు ఏ నీళ్లు తాగించావమ్మా?" అని అడిగితే తల్లులందరిదీ ఒకటే మాట: "కుళాయి నీళ్లే సిస్టరమ్మా."

కుళాయి నీళ్లలో మురికి ఎలా చేరుతుంది? మన పట్టణాల్లో చాలాచోట్ల నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వస్తాయి. మంచినీటి పైపు మురికి కాలువ పక్కనుంచి, కొన్నిచోట్ల కాలువలోంచే పోతుంది. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కనుక చిల్లులోంచి నీరు బయటికి కారుతుంది. కట్టేశాక ఆ ఒత్తిడి పోతుంది. అప్పుడు అదే చిల్లులోంచి బయటి మురుగు లోపలికి వస్తుంది. మర్నాడు మొదటి బిందె పట్టుకున్న ఇంటికి అందేది ఆ నీరే. కాబట్టి కుళాయి వేయడంతో సగం పనే అవుతుంది. మురుగుకు దారి చూపడం మిగిలిన సగం.

కొన్నేళ్ల క్రితం మా వార్డు సభలో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ మాట వచ్చింది. దానికి అప్పు తెస్తామని, ఇంటింటికీ కనెక్షన్ రుసుము కట్టాలని చెప్పారు. "అప్పు చేసి పప్పుకూడు మనకెందుకు?" అంటూ వద్దని చేయెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. మాకు సెప్టిక్ ట్యాంకు ఉంది కదా అనుకున్నాను. ఆ ట్యాంకు పొంగితే నీరు ఎవరి వీధిలోకి పోతుందో ఆలోచించలేదు. ప్రతిపాదన అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాతి వానాకాలంలో మా కాలనీకి దిగువనున్న వీధి పిల్లలు నా వార్డుకే వచ్చారు. వాళ్లకు సెలైన్ పెడుతుంటే నేను చేయెత్తిన సంగతే గుర్తుకొచ్చింది.

చెన్నై పక్కనున్న ఆలందూరు ప్రజలు నాకంటే ముందుచూపుతో ఆలోచించారు. అక్కడ కూడా దాదాపు అన్ని ఇళ్లకూ సెప్టిక్ ట్యాంకులే ఉండేవి. 1990ల చివరిలో ఆ పట్టణం భూగర్భ డ్రైనేజీ పథకం తలపెట్టింది. సుమారు 34 కోట్ల రూపాయల ఖర్చులో 16 కోట్లు తమిళనాడు ప్రభుత్వ పట్టణ ఆర్థిక సంస్థ 5 శాతం వడ్డీకి అప్పుగా ఇచ్చింది. ప్రజలు ఇంటికి 5,000 రూపాయల చొప్పున డిపాజిట్ కట్టారు. 2000లో పని మొదలైంది. 2011లో ఆలందూరు చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది.

తక్కువ వడ్డీ అంటే ఎంత తేడా వస్తుందో లెక్క వేసి చూడండి. 16 కోట్లకు 5 శాతం చొప్పున ఏడాది వడ్డీ 80 లక్షలు. అదే 12 శాతమైతే 1 కోటి 92 లక్షలు. ఆ తేడా చివరికి పన్ను కట్టే మన మీదే పడుతుంది.

ఇలాంటి దారి ఇప్పుడు మనకూ ఉంది. గ్రామాల పనులకు 1995-96 నుంచి నాబార్డులో ఒక నిధి నడుస్తోంది. అదే పద్ధతిలో 2023లో కేంద్ర ప్రభుత్వం నేషనల్ హౌసింగ్ బ్యాంకు ద్వారా చిన్న, మధ్యతరహా పట్టణాల కోసం పట్టణ మౌలిక సదుపాయాల అభివృద్ధి నిధిని ప్రారంభించింది. తాగునీటి పనులకూ మురుగునీటి పనులకూ దాన్నుంచి అప్పు దొరుకుతుంది. రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటు కంటే వడ్డీ ఒకటిన్నర శాతం తక్కువ. మొదటి రెండేళ్ల తర్వాత అసలు తీర్చడం మొదలుపెట్టి, మొత్తం ఏడేళ్లలో ముగించాలి.

ఏడేళ్ల గడువు నా దృష్టిలో చాలదు. ఒకసారి వేసిన డ్రైనేజీ పైపు మన మనవల కాలం వరకు పనిచేస్తుంది. అమెరికాలో 1987 చట్టంతో ఏర్పడిన రాష్ట్రాల నిధులు ఇటువంటి అప్పులకు మొదట 20 ఏళ్లు, ఇప్పుడు 30 ఏళ్ల వరకు గడువిస్తున్నాయి. తిరిగి వచ్చిన సొమ్మును మరో ఊరికి అప్పుగా ఇస్తున్నాయి. మన ప్రభుత్వాలు కూడా గడువు పెంచాలి.

అయితే వడ్డీ తక్కువైనంత మాత్రాన అప్పు మంచిది కాదు. అప్పు అడిగేముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. పైపుల చివర మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రం ఉందా? మోటార్లకు కరెంటు బిల్లు, కార్మికుల జీతాలు ఏ డబ్బుతో ఇస్తారు? ఒకేసారి రుసుము కట్టలేని కూలివాళ్లకు వాయిదాలు ఉన్నాయా? వీటికి జవాబు లేకపోతే పైపులు మూసుకుపోతాయి, అప్పు మాత్రం మిగులుతుంది. జవాబు ఉంటే నెలనెలా రుసుము కట్టడం మన బాధ్యత. ఒక్క బిడ్డ నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంటే తల్లి కూలి పోతుంది, మందుల ఖర్చు పడుతుంది, దానికి బయట తెచ్చిన అప్పుకు వడ్డీ ఎంతో మీకు తెలుసు.

మా వార్డు సభ మళ్లీ జరిగినప్పుడు ఈ మూడు ప్రశ్నలు నేనే అడుగుతాను. సరైన జవాబు వస్తే ఈసారి డ్రైనేజీ కావాలనే చేయెత్తుతాను. మీ వార్డు సభకు మీరూ తప్పక వెళ్లండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్