నాయకుడైనంత మాత్రాన నీతిమంతుడా?

మన భాషలో ఒక చిక్కు ఉంది. కథ ఎవరి వెంట నడుస్తుందో అతడూ నాయకుడే, జనాన్ని నడిపించేవాడూ నాయకుడే. సంస్కృత నాటకశాస్త్రం నాయకుల్ని నాలుగు రకాలుగా విభజించి, నలుగురికీ ముందు ‘ధీర’ శబ్దం తగిలించింది. గర్వం, కపటం ఉన్నవాడు కూడా అక్కడ ధీరోద్ధతుడే. తెర లేవకముందే మార్కులు వేసేశారు. ప్రేక్షకుడికి మిగిలింది చప్పట్లు కొట్టడమే. వేల ఏళ్లుగా మనం కొడుతూనే ఉన్నాం.

మహాభారతం ఆదిపర్వం తీసుకోండి. నిషాదుడైన ఏకలవ్యుణ్ణి ద్రోణుడు శిష్యుడిగా చేర్చుకోలేదు. అతడు అడవిలో మట్టిబొమ్మ పెట్టుకుని తనంతట తానే విద్య నేర్చాడు. అది చూసి అర్జునుడు ఓర్వలేకపోయాడు. ద్రోణుణ్ణి ఏకాంతంగా కలిసి, తనను మించిన శిష్యుడు ఉండడని ఇచ్చిన మాటను గుర్తుచేశాడు. ద్రోణుడు వెళ్లి, తాను చెప్పని చదువుకు దక్షిణగా కుడిచేతి బొటనవేలు పుచ్చుకున్నాడు. దాంతో అర్జునుడి మనస్తాపం చల్లారిందని, అతడు సంతోషించాడని వ్యాసభారతమే చెబుతుంది.

గమనించండి, కవి ఏమీ దాచలేదు. అసూయ అక్కడే ఉంది, మోసం అక్కడే ఉంది, తెగిన వేలు అక్కడే ఉంది. దాచింది వినేవాళ్లం. అర్జునుడు కథానాయకుడు కాబట్టి అతడి అసూయ మనకు పట్టుదలగా కనిపించింది. ద్రోణుడు ఆ నాయకుడి గురువు కాబట్టి ఆదర్శ గురువయ్యాడు.

ఇది పురాణాల్లోనే ఆగిపోలేదు. స్వతంత్ర భారతదేశం 1961లో ఉత్తమ క్రీడాకారులకు అర్జున అవార్డు పెట్టింది. 1985లో ఉత్తమ శిక్షకులకు ద్రోణాచార్య అవార్డు పెట్టింది. 1997-98లో గిరిజన పిల్లల గురుకులాలకు ఏకలవ్యుడి పేరు పెట్టింది. ఒక్కొక్క పేరూ విడిగా చూస్తే ఎవరికీ తప్పు తోచదు. మూడూ పక్కపక్కన పెట్టి చదవండి. వేలు తీసుకున్నవాడి పేరు కోచ్‌కి, వేలు తీయించినవాడి పేరు విజేతకి, వేలు పోగొట్టుకున్నవాడి పేరు ఆదివాసీ బిడ్డకి!

‘ఏకలవ్యుడు సంతోషంగానే ఇచ్చాడు కదా’ అంటారు. న్యాయశాస్త్రం చదివినవాళ్లకు ఈ వాదన పాతదే. ఎదుటివాడి మనసును శాసించగల స్థానంలో ఉండి, ఆ స్థానాన్ని వాడుకుని అన్యాయంగా లాభం పొందితే దాన్ని అనుచిత ప్రభావం అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ దాని గురించే. అలాంటి సమ్మతిని చట్టం స్వేచ్ఛా సమ్మతిగా ఒప్పుకోదు. మనమెందుకు భక్తిగా ఒప్పుకోవాలి? ‘ఆ కాలపు ధర్మం వేరు’ అనేవాళ్లూ ఉన్నారు. మంచిదే. అయితే ఆ కాలపు మనుషుల్ని ఈ కాలపు పిల్లలకు ఆదర్శంగా చూపడం మానండి.

ఇక మనవాళ్ల సంగతి. నాయకుణ్ణి దించేసి ప్రతినాయకుణ్ణి ఎక్కించడమే విముక్తి అనుకునేవాళ్లు మనలో తక్కువేం లేరు. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో ఎన్.టి.రామారావు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు పాత్రలూ ధరించారు. అందులో కులాన్ని నిలదీసే దుర్యోధనుడి సంభాషణలు విని పొంగిపోయినవాళ్లు ఎందరో. కానీ దుర్యోధనుడు కర్ణుడికి అంగరాజ్యం ఇచ్చింది కుల నిర్మూలన కోసమా, అర్జునుడికి ఎదురు నిలిచే విల్లు కోసమా? నిండు సభలో ద్రౌపదికి తొడ చూపింది ఆ దుర్యోధనుడే. ఆమె వస్త్రాలు తీయమన్నది ఆ కర్ణుడే. ద్రౌపది వైపు నుంచి చూస్తే వీళ్లలో వీరుడెవరు?

మన ఇంట్లోనూ చూసుకుందాం. వెస్సంతర జాతకంలో బోధిసత్వుడు తన పిల్లలు జాలిని, కణ్హాజినను జూజకుడికి దానమిచ్చాడు. ఆ బ్రాహ్మణుడు తండ్రి కళ్లముందే పిల్లల్ని తీగతో కట్టి కొట్టాడు. పల్నాడులోని గోలి స్తూపం మీద ఈ కథ చెక్కారు. దానపారమికి ఇది శిఖరమని చెబుతారు. ఆ పిల్లల్ని ఎవరైనా అడిగారా? ఇది కొత్త ప్రశ్న కాదు. ఇతరుల్ని ఏడిపించి చేసే దానం ఏం దానమని మిలిందుడు నాగసేనుణ్ణి అడిగాడు. నాగసేనుడు ఆ దానాన్ని సమర్థించాడు. ఆ సమర్థనతో నేను ఏకీభవించను. కానీ ప్రశ్నను చెరిపేయకుండా ‘మిలిందపన్హ’లో నిలిపి ఉంచిన సంప్రదాయం మనదని గర్విస్తాను.

కథల గురించి ఇంత పట్టింపు ఎందుకు? దాడి జరిగిన ప్రతి ఊళ్లోనూ కథ పెద్దమనిషి దగ్గరే మొదలవుతుంది. మంచి కుటుంబం, గుడి కట్టించాడు, ఏదో కోపంలో చెయ్యి చేసుకున్నాడు, కేసు పెడితే కొడుకు భవిష్యత్తు పాడవుతుంది. దెబ్బలు తిన్నవాడు ఆ కథలో ఒక సన్నివేశం మాత్రమే. 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోకి 15ఎ సెక్షన్ వచ్చింది. నిందితుడికి బెయిలు ఇచ్చేటప్పుడైనా, శిక్ష వేసేటప్పుడైనా బాధితుడి మాట వినిపించుకునే హక్కు ఇచ్చింది. ఏకలవ్యుణ్ణి పిలిచి ‘నువ్వు చెప్పు’ అనడం లాంటిదే అది. హక్కు కాగితం మీద ఉంది. వినే చెవి కూడా కావాలి. ఆ చెవిని తయారుచేసేవి కథలే.

విన్నంత మాత్రాన, గ్రంథంలో ఉన్నంత మాత్రాన, చెప్పినవాడు గురువైనంత మాత్రాన నమ్మవద్దని కాలాములకు తథాగతుడు చెప్పాడు. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ హెచ్చరించాడు. కథల్లో భక్తి నేర్చినవాడు రాజకీయాల్లో దాన్ని మానుకోలేడు.

ఉపాసక సోదరీ సోదరులారా, విహారంలో పిల్లలకు కథ చెప్పాక ‘మీకు ఎవరు నచ్చారు?’ అని అడగకండి. ‘ఈ కథలో దెబ్బ ఎవరికి తగిలింది? వాళ్ల మాట ఎవరైనా విన్నారా?’ అని అడగండి. ఆ జవాబు చెప్పగలిగిన పిల్లలు రేపు ఏ నాయకుడికీ బొటనవేలు ఇవ్వరు.

నమో బుద్ధాయ. జై భీమ్.