మూలాపేటను మరిచినవాళ్లం

పొట్టి శ్రీరాములు ఎన్ని రోజులు నిరాహారదీక్ష చేశారని అడిగితే మన బడిపిల్లలు తడుముకోకుండా 58 అంటారు. 1952 అక్టోబరు 19న మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారింట్లో మొదలుపెట్టి, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారనీ చెప్పగలరు. అదే ఆయన 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి విషయంలో ఎందుకు అన్నం మానేశారని అడగండి. పిల్లలే కాదు, వాళ్లకు పాఠం చెప్పే పెద్దలమూ నీళ్లు నములుతాం. ఆ గుడిలోకి దళితులను రానివ్వాలని ఆయన పస్తున్నారు. రాష్ట్రం కోసం చేసిన దీక్షకు ఆరేళ్ల ముందటి సంగతి ఇది.

దీన్ని మతిమరుపు అనలేను. ఆయన జీవితంలో మనకు లాభించింది ఉంచుకున్నాం, మనల్ని వేలెత్తి చూపేది పక్కకు నెట్టేశాం. మనం అంటే ఊరి నడుమ ఇళ్లున్నవాళ్లం, గుడిలో తరతరాలుగా చోటున్నవాళ్లం. నేనూ ఆ లెక్కలోని వాణ్నే.

శ్రీరాములు గారు 1901లో మద్రాసులో పుట్టారు. బొంబాయి విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శానిటరీ ఇంజనీరింగ్ చదివారు. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్యా బిడ్డా పోయాక ఆ ఉద్యోగం వదిలేసి సబర్మతి ఆశ్రమం చేరారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు, ఆ తర్వాతి ఉద్యమాల్లోనూ వెళ్లారు. చివరికి నెల్లూరు వచ్చారు. హరిజనుల కోసం రాసిన నినాదాల అట్టలు ఒంటికి తగిలించుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా వీధుల వెంట తిరిగేవారు. నెల్లూరు ఎండ ఎలాంటిదో అక్కడ ఒక వేసవి గడిపినవాళ్లకు తెలుసు. ఆ ఎండలో ఆయన పక్కన నడవాల్సిన మనం, అరుగుల మీద కూర్చుని ఆయనకు పిచ్చి పట్టిందన్నాం. సొంత కులంవాళ్లూ ఆయన వరస ఒప్పుకోలేదు. అయినా దళితుల కోసం ఆయన మళ్లీ పస్తున్నారు. కలెక్టర్లు వారంలో ఒక్క రోజైనా వాళ్ల బాగోగులు చూడాలని మద్రాసు ప్రభుత్వం ఆదేశాలిచ్చిందంటే దాని వెనక ఆ కడుపు మంట ఉంది.

రాష్ట్రం విషయంలోనైనా ఆయనకు తోడు నిలిచామా? మద్రాసు మీద ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రమని జవహర్‌లాల్, వల్లభాయ్, పట్టాభిల సంఘం 1949లో తేల్చింది. 1951లో స్వామి సీతారాం 35 రోజులు ఉపవాసం ఉండి వినోబా మాట మీద విరమించారు. కదలిక లేదు. మద్రాసు పట్నం మాట మీదా, రాజధాని మాట మీదా మనలో మనకే పొత్తు కుదరలేదు. పదిమంది కూర్చుని తెంచుకోవాల్సిన తగువును ఒక్క మనిషి ప్రాణం మీద పెట్టాం. శ్రీరాములు గారి దీక్షను పట్టించుకోదలచుకోలేదని నెహ్రూ 1952 డిసెంబరు మొదట్లో రాజాజీకి రాశారు. ఆ తప్పు ఢిల్లీదని ఇన్నేళ్లూ చెప్పుకున్నాం. అందులో మన వాటా ఎంతో ఒక్కసారైనా కొలుచుకోలేదు.

ఆయన పోగానే లేచాం. రైళ్లు ఆపాం, స్టేషన్ల మీద పడ్డాం, పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అందులో నిజమైన దుఃఖం లేదనను. కానీ ఆయన రైల్వేలో జీతం తీసుకున్న మనిషి, ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి. ఆయన పేరు చెప్పి మనం చేసింది అది. డిసెంబరు 19న నెహ్రూ రాష్ట్రం ప్రకటించారు. ఆ ఆవేశంలో పదో వంతు 1946లో మూలాపేట గుడి ముందు చూపించి ఉంటే, ఆయన అక్కడ పస్తుండే అవసరమే రాకపోను.

1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. ఆ గడ్డమీదే 1985 జులై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు మారణకాండలు జరిగాయి. చంపినవాళ్లూ తెలుగువాళ్లే, చనిపోయిన దళితులూ తెలుగువాళ్లే. ఒకే భాషవాళ్లం ఒక్కటవుతామని నమ్మి ఒక మనిషి ప్రాణమిచ్చిన చోట, పొలాల వెంట తరిమి చంపాం. ఇంకొకటి కూడా మనసును తొలుస్తుంది. మురుగును మనిషి చెయ్యి తగలకుండా ఎలా పంపాలో చెప్పే చదువు ఆయనది. ఆ చదువు ఇంత పెరిగాక కూడా మన పట్టణాల్లో మ్యాన్‌హోల్‌లో దిగి ఊపిరాడక పోతున్నది ఎక్కువగా వాడల పిల్లలే.

ఆయనకు విగ్రహాలు పెట్టాం. జయంతికి, వర్ధంతికి కులసంఘాలు దండలేస్తాయి, మిగతావాళ్లం అది వాళ్ల పండుగన్నట్టు తప్పుకుంటాం. కులం గోడ దాటడానికి ఎండలో తిరిగినవాణ్ని తీసుకెళ్లి కులంలోనే కూర్చోబెట్టాం.

2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టారు. ఎవరి ఇల్లూ తగలబడలేదు. 2022లో కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెడతామనగానే, మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టాం. రెండూ త్యాగమూర్తుల పేర్లే, రెండూ తెలుగు జిల్లాలే. శ్రీరాములు గారి పేరు మనకు అడ్డు రాలేదంటే, ఆ పేరులోంచి మూలాపేటను ముందే తీసేశాం కనకే. ఆ మంటలు ఆరాక, ఆ పేరు వద్దన్న మనవాళ్ల గడప ముందు కూర్చుని, మీ మనసు మారేదాకా ముద్ద ముట్టనన్న మనిషి మన ఊళ్లలో నుంచి ఒక్కడు లేచినట్టు నేను వినలేదు. నేనూ లేవలేదు.