కంటికి ఆనని సగం

సాహిత్య పురస్కారాల్లో స్త్రీల వాటా గురించి ఎవరైనా మాట ఎత్తగానే మన దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. అవార్డు ఇచ్చేది పుస్తకానికి, రాసినవాళ్లు ఆడా మగా అని చూడకూడదు, ప్రతిభ ఉంటే గుర్తింపు దానంతట అదే వస్తుంది అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ అది నిజం కావాలంటే అవార్డుల చరిత్ర దానికి సాక్ష్యం చెప్పాలి. తెలుగులో ఆ చరిత్ర చెబుతున్నది వేరు. కేంద్ర సాహిత్య అకాడమీ తొలి తెలుగు అవార్డును 1955లో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు ఇచ్చింది. ఒక రచయిత్రికి ఆ అవార్డు దక్కడానికి 1982 దాకా, ఇల్లిందల సరస్వతీదేవి ‘స్వర్ణకమలాలు’ దాకా ఆగాల్సివచ్చింది. ఆమె తర్వాత మాలతీ చందూర్, అబ్బూరి ఛాయాదేవి, కాత్యాయనీ విద్మహే, ఓల్గా. 2024 వరకు లెక్క తీస్తే అంతే, అయిదుగురు. జ్ఞానపీఠం అందుకున్న విశ్వనాథ, సినారె, రావూరి భరద్వాజ ముగ్గురూ పురుషులే.

ఆ రోజుల్లో రాసే ఆడవాళ్లే తక్కువ కదా అంటారు. తెలుగులో ఈ సమాధానం అసలు చెల్లదు. అరవైలు, డెబ్బైలు తెలుగు నవలలో రచయిత్రుల కాలం. రంగనాయకమ్మ, లత, వాసిరెడ్డి సీతాదేవి, ద్వివేదుల విశాలాక్షి, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన పేర్ల మీద పత్రికల సీరియళ్లు నడిచాయి. అద్దె పుస్తకాల షాపుల్లో వాళ్ల నవలలు అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారాయి. ఇంగ్లండులో మేరీ ఆన్ ఎవాన్స్ తన నవలల మీద జార్జ్ ఇలియట్ అనే మగపేరు వేసుకుంటే, మన దగ్గర మగవాళ్లే ఆడపేర్లు పెట్టుకుని రాశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసింది పురాణం సీత పేరుతో. ఆడపేరుకు అంత గిరాకీ ఉన్న ఆ రెండు దశాబ్దాల్లో అకాడమీ ఒక్క రచయిత్రికీ అవార్డు ఇవ్వలేదు. కొన్నేళ్లు తెలుగుకు అవార్డే ప్రకటించలేదు.

గిరాకీ వేరు, విలువ వేరు అని ఇక్కడ అడ్డు చెప్పేవాళ్లుంటారు. ఆ మాటలో కొంత నిజముంది. సీరియల్‌గా వచ్చిన ప్రతి నవలా నిలిచే రచన కాదు, అలాగని నేనూ అనను. కానీ ‘మట్టి మనిషి’ని ఏమందాం? సాంబయ్య అనే రైతుకు నేలంటే ఉన్న ప్రాణం, కొడుకు తరంలో ఆ నేల చేజారిపోవడం, మనవడు మళ్లీ మట్టిని వెతుక్కుంటూ రావడం, మూడు తరాల వ్యవసాయ కుటుంబం కథను వాసిరెడ్డి సీతాదేవి రాశారు. అది అనేక భారతీయ భాషల్లోకి వెళ్లింది. కేంద్ర అకాడమీ అవార్డు మాత్రం ఆమె దాకా రాలేదు. పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ ఇవాళ్టికీ మంచి తెలుగు నవలల జాబితా వేసినవాళ్లు వదిలిపెట్టలేని పుస్తకం. ఆ తొలి పాతికేళ్లలో అవార్డులు ఎక్కువగా వెళ్లింది కవిత్వానికి, శాస్త్ర గ్రంథాలకు, వ్యాఖ్యానాలకు. 1963లో గోపీచంద్‌కు వచ్చినట్టు నవలకు రావడం అరుదు. జాషువాకు, శ్రీశ్రీకి ఇచ్చినందుకు ఎవరికీ అభ్యంతరం ఉండదు, నాకూ లేదు. నేను చెప్పేది ఒకటే. స్త్రీలు బలంగా ఉన్న ప్రక్రియను ముందే తక్కువ మెట్టు మీద కూర్చోబెట్టి, తర్వాత ఆ మెట్టు మీద ఉన్నవాళ్లు కంటికి ఆనలేదంటే దాన్ని ప్రతిభా నిర్ణయం అనలేం. ఆడా మగా అని ఎవరూ నోరు తెరిచి అనక్కర్లేకుండానే పక్షపాతం పనిచేసే తీరు ఇదే. రచయిత్రుల రచనలకు తగిలించిన ‘వంటింటి సాహిత్యం’ అన్న పేరూ ఈ పనే చేసింది. బడి ముఖం చూడని ఆశాపూర్ణాదేవి బెంగాలీ ఇళ్ల లోపలి బతుకు గురించి రాసిన ‘ప్రథమ్ ప్రతిశ్రుతి’కి 1976లో జ్ఞానపీఠం వచ్చింది. వస్తువు వంటింటిదైతే రచన చిన్నదవుతుందన్న వాదానికి జవాబుగా ఆ ఒక్క పుస్తకం చాలు.

ఇప్పుడు కాలం మారింది, స్త్రీవాదం వచ్చాక గుర్తింపు వస్తోంది కదా అనేది ఇంకో మాట. ఈ శతాబ్దంలో వచ్చిన మూడు పేర్లు చూడండి. 2005లో ఛాయాదేవి ‘తన మార్గం’, 2013లో కాత్యాయని ‘సాహిత్యాకాశంలో సగం’, 2015లో ఓల్గా ‘విముక్త’. మూడూ ఆ గౌరవానికి తగినవే. మూడింటి వస్తువూ స్త్రీయే. స్త్రీ గురించి స్త్రీ రాస్తే ఒక అర కేటాయించాం, ఆ అరలో అప్పుడప్పుడూ ఒక పతకం పెడతాం. భూమి గురించో, రాజకీయం గురించో, ఊరి గురించో ఆమె రాసినప్పుడు ఆ అర ఎక్కడా కనిపించదు. పురుషుడికి ఈ ఇబ్బంది లేదు. సినిమా నటి జీవితం మీద భరద్వాజ రాసిన ‘పాకుడురాళ్ళు’ను ఎవరూ పురుషుడి అరలో సర్దలేదు, సర్దకూడదు కూడా. పైగా ఓల్గా తర్వాత, 2016 నుంచి 2024 దాకా వరసగా తొమ్మిదేళ్లు అవార్డు పురుషులకే వెళ్లింది. ఆ తొమ్మిదేళ్లూ తెలుగులో స్త్రీలు కథలు, కవిత్వం, నవలలు ఆపకుండా రాస్తూనే ఉన్నారు.

అయితే కోటా పెట్టమంటారా, అలా ఇస్తే తీసుకున్నవాళ్లకే చిన్నతనం కాదా అని చివరి ప్రశ్న. ఫలితంలో కోటా ఎవరూ అడగడం లేదు. 1991లో బుకర్ తుది జాబితాలో ఆరుగురూ పురుషులే ఉన్నారని ఇంగ్లండులో చదివేవాళ్లు, అచ్చువేసేవాళ్లు గట్టిగా అడిగారు. ఆ అడగడంలోంచే 1996లో స్త్రీల నవలలకు విడిగా ఒక బహుమతి మొదలైంది. మనకు విడి బహుమతి కావాలా అనేది వేరే చర్చ. అవార్డు తేలేది చివరి రోజు ముగ్గురు న్యాయనిర్ణేతల బల్ల దగ్గర అనుకుంటాం గానీ, చాలా పుస్తకాల తలరాత అంతకుముందే, మొదటి జాబితా రాసేటప్పుడే తేలిపోతుంది. ఆ జాబితా రాసేవాళ్లలో, ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్లలో ప్రతి ఏడూ స్త్రీలు ఉండాలి. జాబితా మీద సంతకం పెట్టేముందు ప్రతి ఒక్కరూ ఆ ఏటి పరిశీలనకు వచ్చిన రచయిత్రుల పుస్తకాల్లో తాము మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవి ఏవో పేర్లతో రాసివ్వాలి.