ఆకలికి కారణం తిండి కొరత కాదు

వైద్యవృత్తిలో ఉన్న రోజుల్లో నేను తరచూ చూసిన దృశ్యం ఇది. రక్తహీనతతో పాలిపోయిన గర్భిణి ఒక కుర్చీలో, అధిక బరువుతో, మధుమేహంతో వచ్చిన వ్యాపారి పక్క కుర్చీలో. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే బజారు. ఆమెకు మంచి తిండి చాలలేదు, ఆయనకు మితిమీరింది.

"జనాభా పెరిగింది, పంట చాలడం లేదు, అందుకే ఆకలి" అని మనలో చాలామంది అనుకుంటారు. లెక్కలు వేరే మాట చెబుతున్నాయి. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2024లో సుమారు 67 కోట్ల మంది ఆకలితో బాధపడ్డారు. 2022లో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. ఆ ఏడాదే ప్రపంచంలో స్థూలకాయుల సంఖ్య వంద కోట్లు దాటింది. పండిన ధాన్యంలో దాదాపు మూడో వంతు పశువుల దాణాకే పోతోంది.

మరి లోపం ఎక్కడ? 1943 నాటి బెంగాల్ కరవును గమనించండి. లక్షలాది మంది మరణించారు. ఆ ఏడాది లభ్యమైన ధాన్యం, కరవు లేని 1941 నాటికంటే తక్కువేమీ కాదని అమర్త్య సేన్ 1981లో వెలువరించిన తన గ్రంథంలో వాదించారు. యుద్ధకాలంలో బియ్యం ధర ఆకాశాన్నంటింది. పల్లెల్లో కూలీల వేతనం ఆ మేరకు పెరగలేదు. అంగట్లో బియ్యం ఉన్నా కొనే శక్తి లేక వారు మరణించారు. నేడు సూడాన్‌లో యుద్ధం సహాయపు లారీలకు దారి మూసి, కరవును తెచ్చిపెట్టింది. ఆహారం ఆకలి ఉన్న వైపు కాక, డబ్బూ అధికారమూ ఉన్న వైపు ప్రవహిస్తుంది.

ఇది దూరదేశాల సంగతి అనుకోవద్దు. బియ్యం ఎగుమతిలో ప్రపంచంలో మనదే అగ్రస్థానం. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు ఎదగనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. రేషన్ బియ్యంతో కడుపు నిండవచ్చు. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు లేనిదే బిడ్డ ఎదగదు. తల్లి గర్భంలో పోషణ చాలని బిడ్డకు పెద్దయ్యాక మధుమేహం, గుండెజబ్బుల ముప్పు కూడా ఎక్కువే. ఐరన్ మాత్రలు రాసి ఇవ్వగలిగాను గాని, ఆమె కంచంలోకి పప్పు తేలేకపోయాను.

కూలికి గిట్టుబాటు వేతనం, రేషన్‌లో పప్పుధాన్యాలు, అంగన్‌వాడీలో క్రమం తప్పని గుడ్డు: ఇవి దానాలు కావు, ఆరోగ్య హక్కులు. వీటి గురించి మీ ప్రతినిధులను అడగండి. అంతకంటే ముందు, ఈ రాత్రి మీ ఇంట్లో అందరికంటే చివర ఎవరు భోంచేస్తారో, అప్పటికి గిన్నెలో ఏం మిగిలిందో ఒక్కసారి చూడండి. పంపిణీలో అన్యాయం అక్కడి నుంచే మొదలవుతుంది.