పుట కూర్చేవారు చదువరులు కావాలి

పత్రిక అనగానే మనకు రచయితలు జ్ఞాపకం వస్తారు; సంపాదకులు జ్ఞాపకం వస్తారు; అచ్చు వేసిన ముద్రణాలయం పేరు కూడా చివరి పుటలో ఎక్కడో కనిపిస్తుంది. ఒక రచనను ఏ పుటలో, ఎంత వెడల్పున, ఏ అక్షరంలో, ఎంత ఎడంతో నిలపాలో నిర్ణయించినవారి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఆ పని చక్కగా కుదిరితే పాఠకునికి అది కనబడనే కనబడదు. కుదరకపోతే మాత్రం వ్రాసినవారి మనస్సుకు తగిలే గాయం చిన్నది కాదు. ఈ సత్యం గత సంవత్సరం మాకు అనుభవపూర్వకంగా తెలిసివచ్చినది. ఆ అనుభవాన్నీ, దానివలన మేము ఏర్పరచుకొన్న అభిప్రాయాన్నీ తోటి విద్యార్థుల ఎదుట, కళాశాల కమిటీ పెద్దల ఎదుట ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము డిజైన్ విద్యార్థులం. లింగంపల్లి పరిసరాలలో గదులు తీసుకొని చదువుకొంటున్నవారం. పత్రికల పుటల అమరిక మా పాఠ్యాంశాలలో ఒకటి. మొదటి నెలలలో పాత దినపత్రికలు ముందు వేసుకొని, స్కేలుతో కొలిచి, పుట మొత్తం ఎన్ని కాలములుగా విభజించారో, పెద్ద వార్త ఎన్ని కాలములు ఆక్రమించినదో, బొమ్మ ఎక్కడ నిలిచినదో తెల్లకాగితం మీద గీతలు గీసి చూచుకొనేవారము. ఆ గీతల కాగితాన్ని డమ్మీ అంటారు. డమ్మీలో ముందుగా ప్రకటనల స్థలం గుర్తించి, మిగిలినచోట వార్తలు సర్దుతారని తెలిసినప్పుడు మాకు కొంత ఆశ్చర్యం కలిగినది. పత్రిక బ్రతకడానికి ప్రకటన కావాలి. కాని మిగిలిన చోటులోనే పాఠకునికి న్యాయం చేయడం కూర్పరి బాధ్యత అని మా అధ్యాపకులు చెప్పేవారు.

తరువాత మాకు కంప్యూటరులో అభ్యాసం మొదలైనది. అక్కడ లభించే నమూనా పుటలు సాధారణంగా ఇంగ్లీషు కోసం తయారైనవి. వాటిలో తెలుగు పోసి చూస్తే పై వరుసలోని వత్తులు క్రింది వరుసలోని గుడులను తాకుతున్నవి. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరం తీసుకొనండి: పైన గుడిదీర్ఘం, క్రింద రెండు వత్తులు. పదకొండు పాయింట్ల అక్షరానికి పదమూడు పాయింట్ల వరుస ఇస్తే మాకు చాలలేదు. పదహారు ఇచ్చిన తరువాతనే పుటకు ఊపిరి ఆడినది. ఇంగ్లీషులో ఒక మాటను ఎత్తి చూపాలంటే పెద్దబడి అక్షరమో, వాలు అక్షరమో వాడుకొంటారు. మనకు పెద్దబడి, చిన్నబడి అనే భేదమే లేదు. అక్షరాన్ని వాల్చితే తెలుగు సొగసే పోతుంది. పరిమాణం, మందం, చుట్టూ ఖాళీ – ఈ మూడే మన కూర్పరి చేతిలోని సాధనాలు.

ఉర్దూ విభాగం మిత్రులతో మాట్లాడినప్పుడు వారి కష్టమూ ఇదేనని తెలిసినది. ఉర్దూ వ్రాసే నస్తాలీఖ్ లిపిలో ప్రతి పదసముదాయమూ కుడి మీదినుండి ఎడమ క్రిందికి ఏటవాలుగా జారుతుంది. దానికీ వరుసల మధ్య ఎడం కావాలి. దానికీ పెద్దబడి అక్షరాలు లేవు. ఒకటి ఎడమనుండి, ఒకటి కుడినుండి నడిచినా, ఈ రెండు లిపులూ పుటను కోరేది ఒక్కటే: ఇరుకు చేయవద్దని. ఇంత దగ్గరి పోలిక ఉన్నదని మేము అంతవరకు ఎరుగము.

ఇక గత సంవత్సరం జరిగిన సంగతికి వస్తాము. మన వార్షిక సంచికకు రెండు ముఖపత్రాలు ఉన్న సంగతి మీకు తెలుసు. ఎడమనుండి తెరిస్తే తెలుగు, కుడినుండి తెరిస్తే ఉర్దూ. రెండూ నడిమి పుటలో కలుసుకొంటాయి. ఆ సంచిక పుటలు కూర్చే భారం మాకు అప్పగించారు. ఉత్సాహం మెండు, వ్యవధి స్వల్పం. పని త్వరగా తెమలాలని ఎవరికి ఏ పుట దొరికితే ఆ పుట కూర్చుకొంటూ పోయాము. ఉర్దూ విభాగంలో మా సహాధ్యాయిని ఒకరు, మరణించిన తమ తాతగారిని తలచుకొని వ్రాసిన గజల్ ఉన్నది. ఏడు షేర్లు. ఒక్కొక్క షేరులో రెండు మిస్రాలు, అనగా రెండు పాదాలు. ఉర్దూలో వీటిని రెండు నిలువు వరుసలుగా పేర్చే పద్ధతి ఉన్నది: మొదటి పాదం కుడివైపు, రెండవ పాదం ఎడమవైపు. మాలో ఆ పుట కూర్చినవారికి ఉర్దూ అక్షరం తెలియదు. తెలుగు అలవాటు చొప్పున మొదటి వరుసను ఎడమవైపు, రెండవ వరుసను కుడివైపు పెట్టారు. పుట చూడటానికి ముచ్చటగా ఉన్నది. చుట్టూ సన్నని అంచు కూడా వేశాము.

సంచిక అచ్చయి వచ్చినది. చదివినవారికి ప్రతి షేరులోనూ ప్రశ్నకు ముందే జవాబు వచ్చినది. గజల్‌లో రెండవ పాదం చివర వచ్చే రదీఫ్ కోసమే చెవి ఎదురుచూస్తుంది. ఆ ఎదురుచూపే లేకుండా పోయినది. ఆ సహాధ్యాయిని మమ్ములను ఒక్క మాట అనలేదు. తమ తరగతికి వచ్చిన నలభై ప్రతులూ తీసుకొని, ఆ పుటలో పంక్తి పంక్తి ప్రక్కనా పెన్సిలుతో ఒకటి, రెండు అని అంకెలు వేసి, ఆ తరువాత పంచిపెట్టారు. ఆ అంకెలు చూచిన రోజున మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అదే సంచికలో తెలుగు వైపు కూడా ఒక పొరపాటు దొర్లినది. ఒక వ్యాసాన్ని పాత ఖతినుండి కొత్త ఖతిలోకి మార్చినప్పుడు వత్తులు స్థానం తప్పి, ‘విద్యార్థి’ అనే మాట శీర్షికలోనే విరిగిపోయినది. ఆ పుటను కూర్చినవాడు మా ఉర్దూ మిత్రుడు. అతనికి ఆ విరుపు కనబడలేదు, ఎట్లా కనబడుతుంది? మాకు గజల్ కనబడనట్లే.

దీనికి కారణమేమిటని మేము చాలాకాలం ఆలోచించాము. తొందర అన్నారు కొందరు. తొందర నిజమే కాని మూలకారణం అది కాదు. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరు గళ్ళపెట్టెలోనుండి ఒక్కొక్క అక్షరాన్నీ ఏరి, తలక్రిందులుగా పేర్చేవాడు. తెలుగుకు గుణింతాలూ వత్తులూ కలిపి వందల అచ్చుముక్కలు కావలసివచ్చేది. అక్షరాన్ని గుర్తుపట్టలేనివాడు ఆ పని చేయలేడు. ఉర్దూకు కాతిబ్ ఉండేవాడు. ఖలంతో ఒక్కొక్క పదాన్నీ తన చేతితో వ్రాసినవానికి ఏ పాదం ముందో ఏది వెనుకో తెలియకపోవడం అసంభవం. చెన్నైలో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ దినపత్రిక దశాబ్దాల పాటు అట్లా కాతిబ్‌ల చేతివ్రాతతోనే వెలువడినది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ వేలాది పదసముదాయాలను వ్రాసి మోనోటైప్ యంత్రానికి నూరీ నస్తాలీఖ్‌ను సమకూర్చారు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించినది. 1994లో ఇన్‌పేజ్ వచ్చి ఉర్దూ పుటల కూర్పును సామాన్యుల బల్ల మీదికి తెచ్చినది. ఇవన్నీ గొప్ప మేళ్ళు. వీటిని కాదనేవారము కాము. అయితే వీటితోపాటు వెనుక లేని ఒక అవకాశం కూడా వచ్చినది: తాను చదవలేని పుటను కూడా మనిషి కూర్చగలగడం. ఎవరో టైపు చేసినదాన్ని ఎత్తి, ఒక చట్రంలో పోసి, అంచులు సవరించి అచ్చుకు పంపవచ్చును. మా చేతిలో జరిగినది అదే.

తప్పు తెలిసిన తరువాత ఒక ఆదివారం లింగంపల్లి స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలు ఎక్కి, డబీర్‌పురాలో దిగి, పురానీ హవేలీ మీదుగా ఛత్తాబజారు చేరాము. పెండ్లిపత్రికలకు, ఉర్దూ అచ్చుపనికి పేరుపడిన వీధి అది. అక్కడ ఒక చిన్న దుకాణంలో వయసు మళ్ళిన కాతిబ్ ఒకరు మాకు రెండు గంటల కాలం ఇచ్చారు. ఖలం మొనతో చుక్కలు పెట్టి, ఆ చుక్కలతోనే అక్షరాలను కొలవడం చూపించారు; అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. మేము కాగితం తీసుకొని ఆత్రంగా వ్రాయబోగా ఆయన మా చేయి పట్టి ఆపి, “పహ్‌లే పఢో బేటా, బాద్ మే లిఖో” అన్నారు. ముందు చదువు నాయనా, తరువాత వ్రాయి అని. మేము సంవత్సరమంతా నేర్చిన పాఠాలలో లేని మొదటి పాఠం అది.

ఈ నగరానికి ఆ పాఠం కొత్త కాదు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి గారు తెలుగుతోపాటు ఉర్దూ ఎరిగిన పండితులు. మీర్జా గాలిబ్ గజళ్ళను దాశరథి కృష్ణమాచార్యులు గారు తెలుగు పాఠకునికి ‘గాలిబ్ గీతాలు’గా అందిస్తే, వాటికి బాపు గారు బొమ్మలు వేశారు. ఉర్దూ కవిత్వం తెలుగు పుట మీద అంత గౌరవంగా కూర్చొన్నదంటే, దానిని కూర్చొనబెట్టినవారు చదివి, అనుభవించి కూర్చొనబెట్టారు గనుకనే. అటువంటి నగరంలో, రెండు భాషల కళాశాలలో చదువుకొంటూ, ప్రక్క బల్ల మీది మిత్రుని లిపి మనకు అల్లిక బొమ్మలా కనబడటం విచారకరం కాదా?

కొందరు పెద్దలు అనవచ్చు: ఇంత శ్రమ ఎందుకు, డి.టి.పి. దుకాణానికి ఇస్తే రెండు రోజులలో పుటలు తయారవుతాయి కదా అని. తయారవుతాయి, కాని అక్కడ కూడా ఒక భాష తెలిసినవారే ఉంటే జరిగేది ఇదే. మరికొందరు మిత్రులు అంటారు: ఈ రోజులలో సంచిక చదివేదెవరు, అందరూ ఫోనులే చూస్తున్నారని. ఆ మాటే మా వాదానికి బలం. 1998లో ఒకే సంవత్సరం ఈ ప్రాంతంలో రెండు ద్వారాలు తెరుచుకొన్నవి: మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం, మాదాపురంలో సైబర్ టవర్స్. ఆ రెండవ ద్వారంలోనుండి వెళ్ళి ఉద్యోగాలు చేయాలని మాలో చాలామంది ఆశ. అక్కడ తెర మీది పుటను కూడా ఉర్దూకు కుడినుండి ఎడమకు మొత్తంగా త్రిప్పి అమర్చవలసి ఉంటుంది. కాగితం మీద నేర్వని మర్యాద తెర మీద తనంతట తాను రాదు. అయినప్పటికీ ఉద్యోగం కోసమే ఇది నేర్వండని మేము అనము. మిత్రుని మాటను తలక్రిందులు చేయకుండా అచ్చు వేయడానికి ఉద్యోగం కారణం కానక్కరలేదు.

కనుక కమిటీ పెద్దలకు మూడు మనవులు చేస్తున్నాము. మొదటిది: ప్రతి సంవత్సరం సంచిక పని మొదలుకావడానికి ముందు ఒక నెల, సాయంకాలం ఒక గంట చొప్పున, తెలుగు విభాగం వారికి ఉర్దూ అక్షరాలు, ఉర్దూ విభాగం వారికి తెలుగు అక్షరాలు నేర్పే ఏర్పాటు చేయాలి. పండితులను తయారుచేయమని కాదు. ఏ పాదం ముందో, ఏ వత్తు విరిగినదో గుర్తుపట్టగలిగితే చాలు. నేర్పడానికి బయటివారు అక్కరలేదు. విద్యార్థులే ఒకరికొకరు గురువులు కాగలరు. రెండవది: చివరి ప్రూఫును కాగితం మీద తీసి, వ్రాసినవారిచేత బిగ్గరగా చదివించి, వారి సంతకం లేనిదే ఏ పుటనూ అచ్చుకు పంపరాదు. మూడవది: తెలుగూ ఉర్దూ కలుసుకొనే నడిమి పుటలను ఇంతవరకు ప్రకటనలకు ఇస్తున్నాము. ఇకనుండి ఒక ప్రక్క ఉర్దూ కవితకు తెలుగు అనువాదం, మరొక ప్రక్క తెలుగు కవితకు ఉర్దూ అనువాదం వేయాలి. దానివలన తగ్గే ఆదాయం స్వల్పం. ప్రకటనను మరొక పుటకు జరపవచ్చును కూడా.

తోటి విద్యార్థులకు ఒక మాట. పుటల అమరిక అలంకారవిద్య అని మేమూ అనుకొన్నాము. అంచులు, రంగులు, బొమ్మలు చివరి పని. మొదటి పని చదవడం. మీరు కూర్చబోయే రచనను ఒక్కసారి ఆసాంతం చదివితే, ఎక్కడ ఎడం ఇవ్వాలో, ఎక్కడ పుట మార్చరాదో ఆ రచనే మీకు చెబుతుంది.

ఆ గజల్‌ను ఈ సంచిక ఉర్దూ విభాగంలో తిరిగి అచ్చు వేయడానికి సంపాదకులు దయతో అంగీకరించారు. ఆ పుటను మళ్ళీ మేమే కూర్చాము. మాలో ఇద్దరికి ఇప్పుడు ఉర్దూ అక్షరాలు కూడబలుక్కొని చదవడం వచ్చినది. ప్రూఫు రాగానే సహాధ్యాయిని ఎదుట కూర్చొని, తడబడుతూనే, ఏడు షేర్లూ పైకి చదివాము. రెండుచోట్ల ఆమె మా ఉచ్చారణను సవరించారు. మొదటి పాదాలన్నీ కుడివైపునే ఉన్నవని నిశ్చయం చేసుకొన్న తరువాతనే ఆమె సంతకం పెట్టారు.